బకెట్లో, పొద్దున

మా మ్యూజియంలో సాలీళ్ళ గది మూడో అంతస్తులో, లిఫ్టు వెళ్ళని మూల ఉంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆ గది నాది. అందులో పదకొండు వేల సీసాలు, సీసాల్లో స్పిరిట్, స్పిరిట్‌లో సాలీళ్ళు. ప్రతి సీసాలో సాలీడుతో పాటు గోరంత కాగితం ముక్క, దాని మీద పెన్సిల్‌తో మూడు సంగతులు: ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, ఎవరు పట్టారు. ఇంకుతో రాస్తే స్పిరిట్‌కి కరిగిపోతుంది. సీసా బయట అంటిస్తే ఊడిపోతుంది. ఆ ముక్కే లేబుల్. లేబుల్ లేని సాలీడు ఎంత అరుదైనదైనా ఎందుకూ కొరగాదు, అది భూమ్మీద ఎక్కడిదో చెప్పేవాళ్ళుండరు కనక.

ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పడమంటే నెమ్మదిగా చెప్పడం కాదు. ఒకసారి పక్క గదిలో సీతాకోకచిలుకలు చూసుకునే ఆయన నా గొంతు విని చేతిలో పెట్టె జారవిడిచాడు. వెనకాల నన్ను లేబులమ్మ అంటారని తెలుసు. అననీ అనుకున్నాను. ఇరవయ్యేళ్ళ క్రితం నేను ఒక కొత్త సాలీడుకి పేరు పెట్టి వ్యాసం రాశాను. ఎవరో రెండు సీసాల లేబుళ్ళు తారుమారు చేశారని, నా కొత్త సాలీడు అందరికీ తెలిసిన పాత సాలీడేనని ఆరు నెలల తర్వాత తేలింది. తేల్చినవాడు దూరంగా ఇంకో మ్యూజియంలో ఉండే పెద్దమనిషి. రెండే రెండు వాక్యాల్లో నా కొత్త సాలీడు జాతిని ముంచేశాడు. మా వాళ్ళంతా ఆయన్ని రెండు వాక్యాలాయన అంటారు. ఆ రెండు వాక్యాలూ నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఆ తర్వాత ఒక్క కొత్త జాతి కూడా నా చేతికి రాలేదు, వచ్చినా రాసే ధైర్యం ఉండేది కాదేమో.

గదిలో నాతో పాటు ఉండే మనిషి సీసాలాయన. స్పిరిట్ తగ్గిన సీసాల్లో స్పిరిట్ నింపడం ఆయన ఉద్యోగం. నాకన్నా రెండేళ్ళు చిన్న. పదేళ్ళ క్రితం పాపం ఆయన నాలుగు వందల లేబుళ్ళు బాల్‌పెన్నుతో రాశాడు. నాలుగు వందలూ నేను మళ్ళీ రాయించాను. మారుమాట్లాడకుండా రాసి ఇచ్చాడు, అప్పట్నుంచీ ఎక్కువ మాట్లాడడం మానేశాడు.

నేను రిటైర్ కావడానికి మూడు నెలలుందనగా ఒక ఉదయం సీసాలాయన ట్రే పట్టుకొచ్చాడు. ట్రేలో ఒకటే సీసా. నా బల్ల మీద సరిగ్గా మధ్యలో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చూద్దామని పక్కన పెట్టిన సీసాల బీరువాలో, అడుగు అరలో కనపడిందట. లోపల నల్లటి సాలీడు, పక్కన లేబుల్. లేబుల్ మీద రెండు ముక్కలు: "బకెట్లో. పొద్దున."

అంతే. ఊరు లేదు, వీధి లేదు, తారీఖు లేదు, పేరు లేదు. ఏ బుద్ధిలేని మనిషి రాశాడిది అనడానికి నేను గొంతు సవరించుకున్నాను కూడా. అప్పుడు అక్షరాలు చూశాను. కుడివైపుకి పడిపోతున్నట్టు ఒరిగిన అక్షరాలు. మా నాన్న ఎన్ని మొట్టికాయలు మొట్టినా మారని అక్షరాలు. నావి.

సీసాలాయన ఫ్యాను కేసి చూస్తున్నాడు. నేను చూసుకుంటాను, మీరు వెళ్ళండి అన్నాను. వెళ్తూ గుమ్మం దగ్గర ఒకసారి దగ్గాడు. ఆ దగ్గులో నాకు నాలుగు వందల లేబుళ్ళూ వినిపించాయి.

సాలీడుని పింగాణీ గిన్నెలోకి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. బొరియ సాలీడు, మగది. ఈ రకం సాలీళ్ళు గూడు అల్లవు. నేలలో జానెడు లోతు బొరియ తవ్వి, లోపలంతా పట్టులాంటి దారంతో పూత పూసి, పైన మట్టితో గుండ్రటి తలుపు కట్టుకుంటాయి. తలుపుకి దారంతోనే మడతబందు. ఆడది ఆ తలుపు వెనక ఇరవై ఏళ్ళయినా గడుపుతుంది, గడప దాటదు. మగది మాత్రం పెద్దయ్యాక, వాన పడ్డ మర్నాడు, పెళ్ళాన్ని వెతుక్కుంటూ బయల్దేరి దారి తప్పి బకెట్లలో పడుతుంది. మగదాని మూతి పక్కన ఉండే చిన్న చేతుల చివర ఒక బుడిపె ఉంటుంది. తాళానికో తాళంచెవిలా జాతికో బుడిపె. ఈ రకంలో తెలిసిన జాతులు నలభై మూడు. నలభై మూడు బుడిపెల బొమ్మలూ ముందేసుకుని రెండు రోజులు పోల్చాను. దీని బుడిపె కొస మెలి తిరిగి, మెలి మీద మూడు పళ్ళున్నాయి. దేనితోనూ కలవలేదు. మూడో రోజు మళ్ళీ మొదట్నుంచి పోల్చాను. అప్పుడూ కలవలేదు.

కొత్త జాతి. ఇరవయ్యేళ్ళ తర్వాత, అరచేతిలో, నా సొంత చేతిరాతతో. ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఏ ఊరిదో, ఏ ఇంటిదో తెలీకుండా రాస్తే రెండు వాక్యాలాయనకి ఈసారి ఒక వాక్యం చాలు. రాయకుండా దిగిపోతే ఆ సీసా మళ్ళీ అడుగు అరకి పోతుంది, ముంచేసిన జాతి ఒక్కటే నా పేరు మీద మిగిలిపోతుంది. మూడు నెలల్లో ఆ బకెట్ ఎక్కడిదో తేలాలి, అంతే.

ఇంటికెళ్ళి మా ఆయన్ని అడిగాను, గత పదేళ్ళలో నేనెక్కడెక్కడ స్నానం చేశానని. ఆయన ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి. ఏ పెళ్ళాం మొగుణ్ణి అడగని ప్రశ్న అడిగినా తొణకలేదు. చుట్టాలందరి ఇళ్ళూ ఆయనకి బాత్రూమ్ తలుపు ఏ వైపు తెరుచుకుంటుందన్న లెక్కన గుర్తుంటాయి. కాగితం తీసి పంతొమ్మిది బాత్రూములు గీశాడు. మేడ మీదవి కొట్టేశాం, బొరియ సాలీడు మెట్లెక్కదు. బకెట్ లేనివి కొట్టేశాం. చివరికి ఏడు మిగిలాయి.

పదిహేను రోజుల్లో ఆరు ఇళ్ళు తిరిగాను. పొద్దున్నే వెళ్ళి, మీ బాత్రూమ్ ఒకసారి చూడొచ్చా అని అడిగే మనిషిని చుట్టాలు ఎలా చూస్తారో నాకు తెలిసొచ్చింది. మా పిన్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తువ్వాలు, కొత్త సబ్బు చేతిలో పెట్టి, మీ బిల్డింగులో నీళ్ళు రావట్లేదని ముందే చెప్పొచ్చు కదే అంది. కాదంటే ఇంకా పెద్ద కథ చెప్పాలి కదా అని అక్కడ తలస్నానం చేసొచ్చాను. ఇంకో ఇంట్లో పెరట్లో బోర్లా పడుకుని నేల చూస్తుంటే చెవిపోగు పోయిందనుకుని పక్కింటివాళ్ళు కూడా వచ్చి వెతికారు. గంటసేపు వెతికి ఒకావిడ నిజంగానే ఒక చెవిపోగు పట్టింది. అది నాది కాదని ఎంత చెప్పినా వినకుండా నా చేతిలో పెట్టి పంపారు. సాలీడు తలుపు మాత్రం ఎక్కడా లేదు.

ఏడో ఇల్లు మా అన్నయ్యది. ఆ బాత్రూముని మా ఆయన కాగితం అడుగున, అన్నిటికన్నా చిన్నగా గీశాడు. నేను దాన్ని మొదటి రోజే కొట్టేశాను. అక్కడికి నేను వెళ్ళి నాలుగేళ్ళు. వదినకీ నాకూ మాటల్లేవు. నలుగురి ముందు, భోజనాల బల్ల దగ్గర నిలబెట్టి నన్ను చచ్చిన పురుగులతో కాపురం చేసే మనిషివి అంది. ముప్ఫయ్యేళ్ళ నా చదువునీ ఉద్యోగాన్నీ ఒక్క మాటలో చీపురుతో ఊడ్చేసింది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తుంది. అలాంటి గుమ్మం మళ్ళీ తొక్కడమా.

ఆరు ఇళ్ళూ అయిపోయి నేను తలపట్టుకు కూర్చున్న రోజు సీసాలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇది మన సీసా కాదు మేడమ్" అన్నాడు.

నేను తలెత్తాను. మన సీసాకి మెడ పొట్టి, దీనికి పొడుగు అని చూపించాడు. ఇది నాలిక కింద వేసుకునే హోమియో తియ్య మాత్రల సీసా అట. బిరడా తిప్పి చూపించాడు. దాని మీద ఎర్రటి గోళ్ళ రంగు చుక్క ఉంది. ముప్ఫయ్యేళ్ళు సాలీళ్ళు చూసిన కళ్ళకి ఆ చుక్క కనపడలేదు. తాళంచెవులు, గొడుగులు, గిన్నెలు, చివరికి బట్టల క్లిప్పులకి కూడా ఎర్ర గోళ్ళ రంగు చుక్క పెట్టే మనిషి మా చుట్టాల్లో ఒక్కతే ఉంది.

వెంటనే కొత్త లేబుల్ ముక్క తీసి, అన్నయ్య ఇంటి అడ్రసు రాసేశాను. వెళ్ళాల్సిన పని లేదు, అడగాల్సిన పని లేదు. ఆ ఇంట్లో నేను చివరిసారి ఉన్నది నాలుగేళ్ళ క్రితం, వానాకాలం మొదట్లో. సీసాలాయన స్పిరిట్ పోస్తూ నా భుజం మీదుగా చూశాడు.

"తారీఖు?"

"సుమారుగా వేస్తాను."

"సుమారుగా అని రాస్తే ఆవేళ మీరు నన్నేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. మీరు సుమారుగా పుట్టారా అన్నాను. ఆ లేబుల్ ముక్క చింపి చెత్తబుట్టలో వేశాను. మర్నాడు ఆదివారం. పొద్దున్నే సీసా చేతిసంచిలో పెట్టుకుని అన్నయ్య ఇంటికి బయల్దేరాను. మా ఆయన వీధి చివరి దాకా వచ్చి సాగనంపాడు, నన్ను యుద్ధానికి పంపుతున్నట్టు.

అన్నయ్య తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి చూసి, మళ్ళీ నన్ను చూశాడు. రా అనడానికి ఆయనకి నోరు పెగల్లేదు, రావద్దనడానికి మనసొప్పలేదు. పక్కకి జరిగి దారిచ్చాడు. పాపం, నాలుగేళ్ళుగా ఆ జరగడమే ఆయన పని.

వదిన హెడ్ నర్సు. పాతికేళ్ళుగా పెద్దాసుపత్రిలో ఒక వార్డంతా ఆవిడ కనుసన్నల్లో నడుస్తోంది. ఇల్లు కూడా వార్డే. దుప్పటి మీద ముడత ఉండదు, గచ్చు మీద మన మొహం కనపడుతుంది, గుమ్మంలోంచే ఫినాయిల్ వాసన పలకరిస్తుంది. ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"రండి. కూర్చోండి. మంచినీళ్ళు తీసుకుంటారా?"

ముప్ఫయ్యేళ్ళు నన్ను ఏమే, నువ్వు అని పిలిచిన మనిషి. ఆ మీరు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. మంచినీళ్ళు తాగి, ఒకసారి పెరడు చూడాలన్నాను. ఎందుకు, మా ఇంట్లో బూజులు లెక్కపెట్టడానికా అంది. అన్నయ్య పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంక దాచి లాభం లేదని సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

వదిన సీసా వైపు చూసింది. బిరడా మీద చుక్క చూసింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నాలుగేళ్ళుగా ఎవరైనా అడిగితే చెబుదామని సిద్ధంగా పెట్టుకున్న మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"ఆ రోజు గురువారం, జూన్ తొమ్మిది. ముందురోజు సాయంత్రం మొదటి వాన పడింది. మా వార్డు నర్సులు ఆరుగురిని పొద్దున్నే ఫలహారానికి పిలిచాను. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఏడుంపావుకి మీరు పెరటి బాత్రూమ్‌లోంచి తడి జుట్టుతో, నీలం బకెట్ పట్టుకుని వచ్చారు. తెచ్చి బల్ల మధ్యలో పెట్టారు. గిన్నెల మధ్య. 'చూడు వదినా, ఇలాంటిది నీ ఇంట్లో కాక ఇంకెక్కడ దొరుకుతుంది' అన్నారు."

"మెచ్చుకున్నాను కదా" అన్నాను. నిజంగానే మెచ్చుకున్నాను. ఆవిడ చెబుతుంటే ఒక్కొక్కటే గుర్తొస్తోంది. కొత్త జాతని అప్పుడు తెలీదు కానీ, ఈ రకంలో మగది చేతికి చిక్కడమే అరుదని ఒళ్ళు తెలీని సంబరం నాకు.

"ఆరుగురూ చెంచాలు కింద పెట్టేశారు" అంది వదిన.

తర్వాతి సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. సీసా కావాలని నేను ఆవిడ గదిలోకి దూరానట. వదినా, నీ తియ్య మాత్రల సీసా ఒకటి ఖాళీ చేస్తున్నా అని ఇల్లెగిరిపోయేలా అరిచానట. ఆ మాత్రలు వేసుకునేవాళ్ళని ఆసుపత్రిలో పాతికేళ్ళుగా వెక్కిరించిన మనిషి వదిన. ఇంట్లో మాత్రం బీరువాలో చీరల కింద దాచుకుని, మోకాళ్ళ నొప్పికి రోజూ నాలుగు వేసుకునేది. ఆ సంగతి అన్నయ్యకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలీదు. నా అరుపుతో ఆరుగురికి తెలిసింది. మధ్యాహ్నానికి ఆసుపత్రి మొత్తానికి తెలిసింది. ఆ రోజు నుంచి డాక్టర్లు కూడా ఆవిడ వెనకాల సాలీళ్ళ సిస్టర్ అంటున్నారట.

"అప్పుడన్నాను ఆ మాట" అంది. "చచ్చిన పురుగులతో కాపురం చేసే మనిషికి బతికున్నవాళ్ళ పరువు ఏం తెలుస్తుందని. మీరు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు."

నాలుగేళ్ళు ఆ వాక్యంలో మొదటి సగమే మోసుకు తిరిగాను. రెండో సగం ఆ గుమ్మంలోనే వదిలేసిపోయాను. బస్సులో కోపంతో ఊగిపోతూ రెండు ముక్కలు గీకి సీసాలో పడేసి ఉంటాను. ఎవరేమన్నారో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకన్నారో మర్చిపోయాను. దాంతో పాటు సాలీడునీ మర్చిపోయాను. సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక ఒంటరిగా సిగ్గుపడటం ఒక రకం, ఎదురుగా వదిన కూర్చుని ఉండగా సిగ్గుపడటం ఇంకో రకం.

నేను నమ్మలేదనుకుందేమో, లేచి వెళ్ళి డైరీ తెచ్చింది. నర్సు కదా, రోజూ ఏ గంటకేం జరిగిందో రాసి కింద సంతకం పెట్టడం అలవాటు, ఇంట్లో కూడా. జూన్ తొమ్మిది పేజీ తీసి నా ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలు: "7.15. ఆడపడుచు. పెరటి బాత్రూమ్, నీలం బకెట్. సాలీడు ఒకటి, నల్లది, పెద్దది. రాత్రి వాన. మాత్రలు పారబోత. మాటా మాటా. 7.40కి వెళ్ళిపోయింది. ఏమీ తినలేదు." కింద సంతకం.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు లేబుల్ లేబుల్ అని అరిచింది నేను. లేబుల్ రాసింది ఆవిడ. అందులో లేని సంగతి లేదు. చివరి రెండు ముక్కల దగ్గర నా కళ్ళు మసకబారాయి. అంత కోపంలోనూ ఆవిడ రాసుకుంది, నేను తినకుండా వెళ్ళానని.

"వదినా, తప్పు నాది" అన్నాను.

"ఏ తప్పు? వివరంగా చెప్పు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అన్నయ్య పేపరు కొంచెం దించాడు. నేను వివరంగా చెప్పాను. బకెట్ బల్ల మీద పెట్టడం ఒకటి, అడక్కుండా గదిలోకి వెళ్ళడం రెండు, మాత్రల సంగతి అరవడం మూడు, నాలుగేళ్ళు రాకపోవడం నాలుగు. ఆవిడ వేళ్ళు మడుస్తూ వింది. మాత్రలు పారబోయడం ఐదు అని గుర్తుచేసింది. అదీ ఒప్పుకున్నాను. అప్పుడు లేచి, పెరడు చూస్తానన్నావుగా, పద అంది.

పెరట్లో మట్టి కనపడలేదు. గోడ నుంచి గోడ దాకా సిమెంటు గచ్చు. నేను వెళ్ళిపోయిన మర్నాడే మేస్త్రిని పిలిపించిందట, ఇంకో సాలీడు ఇంట్లో అడుగుపెట్టకుండా. ఇరవయ్యేళ్ళు తలుపేసుకుని బతికే ఆడ సాలీళ్ళు ఎన్ని ఉన్నాయో ఆ గచ్చు కింద. నా నోటి దురుసుకి అవి పోయాయి. ఆ మాట పైకే అన్నాను. వదిన గచ్చు అంచుల వెంట ఒకసారి చూసింది. తర్వాత కుళాయి వైపు చూపించింది. అక్కడ గోడ వెంట జానెడు వెడల్పున మట్టి అలాగే ఉంది. నీళ్ళ గొట్టం పాడైతే తవ్వుకోవాలని మేస్త్రి వదిలేసిన పట్టీ.

ఇద్దరం బోర్లా పడుకున్నాం. నాకు అరవై, ఆవిడకి యాభై ఎనిమిది. పడుకోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను. నేను భూతద్దం పట్టుకుని అంగుళం అంగుళం వెతుకుతున్నాను. వదిన జేబులోంచి రోగుల కళ్ళలోకి వేసి చూసే చిన్న లైటు తీసింది. రెండు నిమిషాల్లో వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ మట్టి మరీ శుభ్రంగా ఉంది. ఎవరో ఊడ్చినట్టుంది."

కోటు గుండీ అంత గుండ్రటి తలుపు. సూది మొనతో అంచు ఎత్తబోయాను. లోపల్నుంచి ఎవరో గట్టిగా లాగి మూసేశారు. ఇంట్లోనే ఉంది. నాకు నవ్వాగలేదు. వదిన ఊపిరి బిగబట్టి చూసి, లోపల్నుంచి గడియ పెట్టుకునే మనిషంటే శుభ్రత తెలిసిన మనిషే అంది. ఆ పట్టీలో మొత్తం మూడు తలుపులున్నాయి. మూడో తలుపు పక్కన సాలీడు విడిచి బయటికి తోసేసిన పాత చర్మం ఉంది. చర్మం చాలు. లోపల ఉన్నది ఆడదో మగదో, ఏ రకమో దాన్ని బట్టి చెప్పొచ్చు. దేన్నీ తవ్వక్కర్లేదు, చంపక్కర్లేదు. వదిన తన చిమటా తెచ్చి, కుట్లు విప్పినంత సున్నితంగా దాన్ని తీసి నా గిన్నెలో పెట్టింది. ఆవిడ చేతులు ఆ పనికి పుట్టాయి.

వ్యాసంలో ఇంటి అడ్రసు వెయ్యాలంటే మాత్రం ఒప్పుకోలేదు. సాలీళ్ళ ఇల్లని ఇప్పుడు అచ్చులో కూడా రాస్తావా అంది. రాయకపోతే ఈ సాలీడు లేనట్టే వదినా, నేనూ లేనట్టే అన్నాను. అన్నయ్య అడ్డొచ్చి ఏదో అనబోయాడు, ఇద్దరం ఒకేసారి ఊరుకోమన్నాం. చివరికి ఆవిడ ఒక షరతు పెట్టింది. ఇల్లు శుభ్రంగా ఉందని కూడా రాయాలి.

రాశాను. ఆ చర్మం పరీక్షించి, బుడిపె బొమ్మ నాలుగు వైపుల నుంచీ గీసి, ఎనిమిది కాళ్ళూ మిల్లీమీటర్లలో కొలిచి, దొరికిన చోటు దగ్గర "చాలా శుభ్రమైన ఇంటి పెరడు" అని వేశాను. దాని కింద ఇంకో వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది: అసలు లేబుల్ నా నిర్లక్ష్యం వల్ల అసంపూర్తిగా ఉంది, తారీఖూ చోటూ ఒక హెడ్ నర్సు డైరీ నుంచి తీసుకున్నాను. సీసాలాయనకి చదవమని ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, స్పెల్లింగు ఒకటి దిద్ది ఇచ్చాడు. ఆ రోజు నుంచి నాతో మామూలుగా మాట్లాడుతున్నాడు, కొంచెం ఎక్కువే మాట్లాడుతున్నాడు.

వ్యాసం పరిశీలనకి ఎవరి దగ్గరికి వెళ్ళిందో చెప్పక్కర్లేదు. నెల్లాళ్ళకి రెండు వాక్యాలు వచ్చాయి. మొదటిది: జాతి కొత్తదే. రెండోది: ఇల్లు శుభ్రంగా ఉందన్న ముక్కకి శాస్త్రంలో చోటు లేదు, తీసెయ్యండి. మొదటి వాక్యం చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. రెండో వాక్యానికి జవాబుగా, తియ్యను అని రాశాను. ఆయన ఇంకేమీ రాయలేదు.

ఇక పేరు. పట్టిన మనిషి తన పేరు తనే పెట్టుకోకూడదు, అది మా వాళ్ళ మర్యాద. వదిన పేరు పెడతానంటే, పురుగుకి నా పేరా అని ఒంటికాలి మీద లేచింది. సరే పెట్టనులే అంటే రెండు రోజులు ఫోనెత్తలేదు. మూడో రోజు తనే చేసింది. ఎలాగూ నాలుగేళ్ళుగా అంటూనే ఉన్నారు, సిస్టర్ అనే పెట్టు అంది. లాటిన్‌లో సోదరి అనే మాట పెట్టాను. అచ్చయిన పేజీని వదిన వార్డులో, డ్యూటీ పట్టిక పక్కన, గాజు చట్రంలో పెట్టించిందట. సాలీళ్ళ సిస్టర్ అన్న ప్రతి డాక్టరునీ దాని ముందుకి తీసుకెళ్ళి, శుభ్రమైన ఇల్లు అన్న చోట వేలు పెట్టి పైకి చదవమంటోందని అన్నయ్య చెప్పాడు.

నా ఆఖరి రోజున సీసాలాయనా నేనూ సాలీడుని మ్యూజియం సీసాలోకి మార్చాం. పాత లేబుల్ తియ్యకూడదు, అదీ మా పద్ధతి. "బకెట్లో. పొద్దున." లోపలే ఉంది, పక్కన ఊరూ ఇల్లూ తారీఖూ గంటతో కొత్త లేబుల్ పడింది. దాని మీద పట్టినవాళ్ళుగా ఇద్దరి పేర్లున్నాయి, నాదీ వదినదీ. ఖాళీ అయిన మాత్రల సీసాని మూడుసార్లు కడిగి ఆరబెట్టాను.

సాయంత్రం ఆ సీసా నిండా తియ్య మాత్రలు పోయించి వదిన ఇంటికి పట్టుకెళ్ళాను. సీసా చుట్టూ ఒక లేబుల్ దారంతో కట్టాను, ఈసారి కుదురుగా, అక్షరాలు పడిపోకుండా: "తియ్య మాత్రలు. మా వదినవి. జూన్ తొమ్మిది, గురువారం, ఉదయం ఏడుంపావుకి ఆవిడ బీరువాలోంచి అడక్కుండా తీసినవి. తప్పు నాది."

వదిన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివింది. వెనక్కి తిప్పి చూసింది. ఆవిడ గడ్డం వణికింది, నాకు తెలుసు, నేను చూశాను. ఆవిడ మాత్రం సీసా నా వైపు తోసి, పెన్సిల్ చేతికిచ్చింది.

"సంతకం లేదు" అంది. "పెట్టు. పెట్టి, చేతులు కడుక్కుని రా. ఆవేళ తినకుండా పోయావు."

నేను సంతకం పెట్టాను.